పది శాతం ఉప్పునీళ్ళు మూడు రకాలు: ద్రావణాల ప్రాజెక్టు డైరీ

మా హైస్కూలు శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంది. తొమ్మిదో తరగతికి నేను భౌతిక రసాయన శాస్త్రం చెబుతాను. ద్రావణాల పాఠం ఏటా సాఫీగానే సాగిపోతుంది. ద్రావితం (కరిగేది), ద్రావణి (కరిగించేది), భారశాతం సూత్రం అడిగితే పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. అదే "కిలో నీళ్ళలో 50 గ్రాముల ఉప్పు వేస్తే ఎంత శాతం?" అని నోటితో అడిగి చూడండి, ఎక్కువమంది ఆలోచించకుండా "5 శాతం సార్" అంటారు. నిజానికి అది 4.76 శాతం. తేడా చిన్నదే. కానీ ఆ తేడాలోనే పాఠమంతా ఉంది. ఉప్పు ఎంత వేశామో పిల్లలకు గుర్తుంటుంది. దాన్ని దేనితో భాగించాలో గుర్తుండదు. గాఢత అర్థం కాని పిల్లవాడికి అర్థం కానిది లవం కాదు, హారం. మోలారిటీ (లీటరు ద్రావణంలో ఎన్ని మోళ్ళు), మోలాలిటీ (కిలో ద్రావణిలో ఎన్ని మోళ్ళు), పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు) అన్నీ హారం మార్చినప్పుడు పుట్టిన పేర్లే.

అందుకని ఈ ఏడాది పాఠాన్ని ప్రాజెక్టుగా మార్చాను. ఉప్పునీటి గాఢతను కొలిచే హైడ్రోమీటర్‌ను పిల్లలే తయారు చెయ్యాలి, దానికి స్కేలు వాళ్ళే గీయాలి, చివరికి నౌపడ ఉప్పు మడుల్లో ముంచి చూడాలి. నౌపడ మాకు దగ్గరే. కొందరి ఇళ్ళలో అమ్మానాన్నలు ఆ మడుల్లోనే పని చేస్తారు.

డిసెంబరు, సామాన్లు

కావలసినవి పెద్దగా లేవు. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ తూనిక, 100 మి.లీ. కొలజాడీలు, బ్యాటరీ వాటర్ క్యాన్, కల్లుప్పు. మామూలు కుళాయి నీళ్ళు వాడనివ్వలేదు. మా ఊరి బోరు నీళ్ళలో ముందే లవణాలు ఉంటాయి, సున్నా గీత దగ్గరే తేడా వచ్చేస్తుంది. ప్యాకెట్ ఉప్పు వద్దన్నది ఇంకో కారణానికి: అది గడ్డ కట్టకుండా కలిపే పొడి నీళ్ళలో కరగదు, ద్రావణం పాలిపోయినట్టు మసకగా ఉంటుంది.

కల్లుప్పుకూ ఒక చిక్కుంది. దానిలో తేమ ఉంటుంది. ఒక జట్టుతో 50 గ్రాములు తూయించి, ఇనప పెనం మీద చిటపటలు ఆగేవరకు వేయించి, చల్లారాక మళ్ళీ తూయించాను. 48 గ్రాములకు పైచిలుకు వచ్చింది. అంటే తూనిక ఎంత మంచిదైనా, వేయించని ఉప్పుతో చేసిన "10 శాతం" మొదట్లోనే తప్పు. అప్పటినుంచి వేయించిన ఉప్పును గట్టి మూత ఉన్న సీసాలో పెట్టుకుని వాడుతున్నాం. ఈ పనికి గంట పట్టింది, మూత ఎవరైనా తెరిచి పెడితే మిగతావాళ్ళు ఊరుకోవడం లేదు. శుద్ధత అంటే ఏమిటో ఉపన్యాసం చెప్పే పని నాకు తప్పింది.

మూడు పది శాతాలు

తరగతిని మూడు జట్లుగా చేశాను. ముగ్గురికీ ఒకే మాట చెప్పాను: "పది శాతం ఉప్పు ద్రావణం చెయ్యండి." ఎలా చెయ్యాలో చెప్పలేదు. పుస్తకాలు మూయించాను.

మొదటి జట్టు 100 గ్రాముల నీళ్ళు తూచి, దానిలో 10 గ్రాముల ఉప్పు వేసింది. రెండో జట్టు 10 గ్రాముల ఉప్పు జాడీలో వేసి, నీళ్ళు పోస్తూ కలుపుతూ 100 మి.లీ. గీత దాకా తెచ్చింది. మూడో జట్టులో లెక్కలంటే ఇష్టమున్న అమ్మాయి ఉంది. ఆ జట్టు 90 గ్రాముల నీళ్ళలో 10 గ్రాముల ఉప్పు వేసింది.

మూడు బీకర్లు బల్ల మీద పక్కపక్కన పెట్టాం. కంటికి మూడూ ఒకటే. ఎవరిది పది శాతం అన్నదానిపై గట్టి వాదనే జరిగింది, నేను మధ్యలోకి వెళ్ళలేదు. తర్వాత ఒక్కో ద్రావణం మొత్తం బరువు తూయించి, ఉప్పును దానితో భాగించమన్నాను.

మొదటి దానిలో ద్రావణం 110 గ్రాములు, ఉప్పు 10. అంటే 9.1 శాతం. మూడో దానిలో 100కు 10, కచ్చితంగా 10 శాతం. రెండోది అందరినీ ఆపింది. ఆ జట్టువాళ్ళు 100 మి.లీ. అంటే 100 గ్రాములే అనుకున్నారు. తూనిక 106.6 చూపించింది. నీళ్ళయితే 100 మి.లీ. దాదాపు 100 గ్రాములు తూగుతుంది, ఉప్పునీళ్ళు అంతకంటే ఎక్కువ తూగుతాయి. దాంతో బరువు ప్రకారం అది 9.4 శాతం అయింది. అలాగని ఆ జట్టు చేసింది తప్పు కాదు. 100 మి.లీ. ద్రావణంలో 10 గ్రాములు అనేది బరువు బై ఘనపరిమాణం శాతం. ఆసుపత్రిలో ఎక్కించే 0.9 శాతం సెలైన్ సరిగ్గా ఈ లెక్కే: 100 మి.లీ.కి 0.9 గ్రాము, లీటరుకు 9 గ్రాముల ఉప్పు. ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ బాటిల్ అంటే లీటరుకు 50 గ్రాములు.

ఇక మొదటి జట్టు పద్ధతికీ ఒక చోటుంది. ద్రావణీయత పట్టికల్లో "100 గ్రాముల నీటికి ఇన్ని గ్రాములు" అని రాసేది ఆ పద్ధతిలోనే. కాబట్టి ముగ్గురిలో ఎవరినీ తప్పు పట్టాల్సిన పని లేదు. ఎవరి హారం ఏమిటో చెప్పకపోవడమే తప్పు. ఆ రోజు నుంచి మా సీసాల మీద చీటీ నియమం ఒకటే: అంకె పక్కన "దేనిలో" అన్నది రాయాలి. "10 గ్రా. / 100 గ్రా. ద్రావణం" అని రాయాలి, ఉత్త "10%" రాస్తే ఆ సీసా అల్మారాలోకి వెళ్ళదు.

జనవరి, పెన్ను గొట్టం హైడ్రోమీటర్

సంక్రాంతి సెలవుల తర్వాత పరికరం మొదలుపెట్టాం. ఉప్పునీళ్ళలో కోడిగుడ్డు తేలడం పిల్లలందరికీ తెలుసు. ద్రావణం పది శాతం దాటాక తాజా గుడ్డు తేలుతుంది. కానీ గుడ్డు తేలిందా మునిగిందా అనే చెబుతుంది. ఎంత అన్నది చెప్పదు. పైగా గుడ్డు పాతబడితే లోపల గాలి పెరిగి తేలికవుతుంది, అదే నీటిలో ఇంకోలా నడుచుకుంటుంది. మాకు కావలసింది ఎంత అని చెప్పేది.

ఇలాంటి ప్రయోగాలకు ఇదివరకు కూల్‌డ్రింక్ స్ట్రాలు వాడేవాళ్ళం. 2022 జులై నుంచి ప్లాస్టిక్ స్ట్రాల మీద నిషేధం ఉంది, కాగితపు స్ట్రా నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది. అందుకని పాత బాల్‌పెన్నుల ఖాళీ గొట్టాలు తీసుకున్నాం. కింది వైపు కొవ్వొత్తి మైనంతో మూసి, లోపల సైకిల్ బేరింగ్ గుండ్లు వేసి, నిటారుగా తేలేలా చేశారు. మా జట్ల గొట్టాల్లో ఒకటి మంచినీటిలో 11.0 సెం.మీ. మునిగింది. దాన్నే స్కేలు గీయడానికి ఎంచుకున్నాం.

తేలే వస్తువు తన బరువుకు సమానమైన ద్రవాన్ని పక్కకు నెడుతుంది. ద్రవం బరువైనదైతే తక్కువ నెడితే చాలు, అంటే తక్కువ మునుగుతుంది. గొట్టం మందం అంతటా ఒకేలా ఉంటే లెక్క చాలా సులువు: మునిగిన పొడవును సాంద్రతతో (ఒక మి.లీ. ఎన్ని గ్రాములు తూగుతుందో దానితో) గుణిస్తే ఎప్పుడూ ఒకే అంకె వస్తుంది. పది శాతం ఉప్పు ద్రావణం సాంద్రత 1.07. పదకొండును 1.07తో భాగిస్తే 10.28. గొట్టం నిజంగానే 10.3 దగ్గర నిలిచింది. ముందు లెక్క కట్టి, తర్వాత ముంచి, రెండూ కలిసినప్పుడు ఆ జట్టు కేకలకు పక్క తరగతి మాస్టారు వచ్చి చూశారు.

5, 10, 15, 20, 25 శాతాల ద్రావణాలు చేసి గీతలు పెట్టారు. గీతకూ గీతకూ మధ్య దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు వచ్చింది, అన్నీ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. ఇక్కడ ఆంత్వాన్ బోమే సంగతి చెప్పాను. ఆయన ఫ్రాన్సులో మందులు తయారుచేసే రసాయన శాస్త్రవేత్త. 1768లో ఆయన తన హైడ్రోమీటర్‌కు స్కేలు ఇచ్చిన తీరు మా పిల్లలు చేసినదే: మంచినీటిలో ముంచి సున్నా, 15 శాతం ఉప్పు ద్రావణంలో ముంచి 15, మధ్యలో సమానంగా పదిహేను భాగాలు. రెండువందల యాభై ఏళ్ళు దాటినా ఉప్పు మడుల్లో ఇప్పటికీ బోమే డిగ్రీలే చెబుతారు. పాఠ్యపుస్తకంలో చోటు దొరకాల్సిన మనిషి అని నా అభిప్రాయం.

సన్న కాడ, పెద్ద గీతలు

మేఘవరం బీచి నుంచి ఒక అబ్బాయి సీసాతో సముద్రపు నీళ్ళు తెచ్చాడు. పెన్ను గొట్టం దానిలో సుమారు 2.6 మిల్లీమీటర్లే పైకి లేచింది. అంత చిన్న తేడాలో మూడు శాతమా, మూడున్నరా అని చెప్పడం కుదరదు.

ఎలా పెంచాలి? కారణం పిల్లలే కనిపెట్టారు: గొట్టం లావుగా ఉంది కాబట్టి కొద్దిగా లేచినా చాలా ఘనపరిమాణం బయటికి వస్తోంది. బరువంతా కింద బుడ్డిలో ఉండి, పైన కాడ సన్నగా ఉంటే అదే ఘనపరిమాణానికి కాడ చాలా ఎత్తు లేస్తుంది. హోమియో మాత్రల గాజు సీసా తీసుకుని, లోపల బేరింగ్ గుండ్లు వేసి, మూతకు కన్నం పెట్టి, ఖాళీ రీఫిల్ నిలబెట్టి అంటించారు. మొత్తం బరువు 10 గ్రాములు. రీఫిల్ అడ్డుకొలత 3 మి.మీ. లెక్క ప్రకారం మంచినీటికీ సముద్రపు నీటికీ మధ్య 3.3 సెం.మీ. రావాలి. దగ్గరదగ్గర అంతే వచ్చింది. పెన్ను గొట్టం ఇచ్చినదానికి ఇది పన్నెండు రెట్లు.

అయితే ఇంత సున్నితమైన పరికరం సున్నా నుంచి సంతృప్త ద్రావణం (ఇక ఉప్పు కరగని ద్రావణం) దాకా కొలవాలంటే కాడ 23 సెం.మీ. పొడవుండాలి. అంత రీఫిల్ దొరకదు, దొరికినా ఒరిగిపోతుంది. అందుకని రెండు చేశాం. పలచని నీళ్ళకు ఒకటి, చిక్కని నీళ్ళకు ఇంకొన్ని గుండ్లు వేసి బరువు పెంచినది ఒకటి. దుకాణాల్లో అమ్మే హైడ్రోమీటర్లు కూడా ఒక్కోటి ఒక్కో హద్దుకు ఎందుకు వస్తాయో ఇక వేరే చెప్పనక్కరలేదు.

సన్న కాడతో ఒక ఇబ్బంది వచ్చింది. ఒకే ద్రావణంలో రెండుసార్లు ముంచితే రెండు చోట్ల నిలిచేది. దగ్గరగా చూస్తే సంగతి తెలిసింది. కాడ చుట్టూ నీరు చిన్న గట్టులా పైకి పాకి ఉంటుంది. తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, కాడను కిందికి లాగుతుంది. చేతి జిడ్డు అంటిన చోట ఆ గట్టు తెగిపోతుంది, లాగడం తగ్గుతుంది, కాడ పైకి జరుగుతుంది. లావు గొట్టంలో లెక్కకు రాని ఈ బలం మూడు మిల్లీమీటర్ల రీఫిల్ దగ్గర సెంటీమీటరు దాకా తేడా తేగలదు. స్పిరిట్ అద్దిన దూదితో కాడ తుడవడం, కొసన మాత్రమే పట్టుకోవడం, నీటిమట్టం దగ్గర కన్ను పెట్టి చదవడం నియమాలుగా గోడ మీద రాశారు. తర్వాత అంకెలు కుదురుకున్నాయి.

అప్పుడు అల్మారాలోంచి ఆ మూడు "పది శాతాల" సీసాలు మళ్ళీ తీయించాను. చిక్కని నీళ్ళ హైడ్రోమీటర్ 9.1కీ 10కీ మధ్య దాదాపు 9 మి.మీ. తేడా చూపించింది. 9.1కీ 9.4కీ మధ్య కూడా రెండున్నర మిల్లీమీటర్లు కనబడింది. డిసెంబరులో కాగితం మీద తేలిన వాదన ఇప్పుడు నీళ్ళలో తేలింది.

సంతృప్తం

దీని మీద ఎక్కువ రాయను, పుస్తకంలో బాగానే ఉంది. గది వేడిమిలో 100 గ్రాముల నీటిలో 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది, ఆ తర్వాత ఎంత కలిపినా అడుగున ఉండిపోతుంది. మరగబెడితే 39 దాకా, అంతే. పంచదారనైతే 20 డిగ్రీల దగ్గరే ఆ నీరు 200 గ్రాములు మింగేస్తుంది. ఉప్పును వేడిచేసి చల్లార్చి స్ఫటికాలు తీయడం కష్టం, నీటిని ఆవిరి చెయ్యాలి. ఉప్పు మడులు ఎండ మీద ఆధారపడటానికి అసలు కారణం ఇదే.

ఒక్క కొలత మాత్రం ఇక్కడ రాసి పెట్టుకోవాలి. 100 మి.లీ. నీళ్ళలో 36 గ్రాముల ఉప్పు కరిగించాక ఘనపరిమాణం 113 మి.లీ.కు కాస్త పైన ఆగింది. ఉప్పు సాంద్రత 2.16 కాబట్టి ఉప్పు ఒక్కటే 16 మి.లీ.కు పైగా చోటు తీసుకుంటుంది. కూడితే 116 దాటాలి. దాదాపు మూడు మిల్లీలీటర్లు ఏమయ్యాయి? బరువు మాత్రం 136 గ్రాములే, ఎక్కడికీ పోలేదు. ఉప్పు విడిపోయి ఏర్పడే అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) చుట్టూ నీటి అణువులు దగ్గరగా సర్దుకుంటాయి. బరువులు కలుస్తాయి, ఘనపరిమాణాలు కలవవు. మోలారిటీ చేసేటప్పుడు "లీటరు నీళ్ళు పోయండి" అనకుండా "లీటరు గీత దాకా పోయండి" అని ఎందుకంటామో ఈ జాడీని చూపిస్తే చాలు.

ఫిబ్రవరి, కనబడని గాఢతలు

శాతాల నుంచి పీపీఎంకు దిగడానికి పొటాషియం పర్మాంగనేట్ వాడాం. లీటరు బ్యాటరీ వాటర్‌లో ఒక గ్రాము. గ్లాసు నల్లగా అనిపించే ఊదా రంగు. అది లీటరుకు 1000 మి.గ్రా., అంటే 1000 పీపీఎం. దానిలోంచి 10 మి.లీ. తీసి, నీళ్ళతో 100 మి.లీ. గీత దాకా తేవడం, మళ్ళీ దానిలోంచి 10 తీయడం. 100, 10, 1, 0.1. ఒక మిల్లీగ్రాము దగ్గర తెల్ల కాగితం పెట్టి చూస్తే లేత గులాబీ ఛాయ ఇంకా ఉంది. 0.1 దగ్గర గ్లాసు మంచినీళ్ళలాగే ఉంది.

ఆ ఐదో గ్లాసును చేతిలో పట్టుకుని ఫ్లోరైడ్ గురించి మాట్లాడాను. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండొచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాటకూడదని మన దేశ ప్రమాణం. ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో నీటిలోని ఫ్లోరైడ్ ఎముకల్ని వంచేస్తోందని 1937లోనే వైద్యులు నమోదు చేశారు. నల్గొండ కష్టం అందరికీ తెలిసిందే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు, నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ దాన్ని రూపొందించింది. ఒక తరాన్ని వంగదీసిన గాఢత మా నాలుగో గ్లాసుకు కొన్ని రెట్లు మాత్రమే. ఆ లేత గులాబీని చూశాక "అంత కొంచెమేగా" అన్న మాట తరగతిలో వినబడలేదు. మంచి వైపు ఉదాహరణ వంటింట్లోనే ఉంది: అయోడైజ్డ్ ఉప్పులో మన చేతికి వచ్చేసరికి కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలి, అంటే కిలో ప్యాకెట్‌లో 15 మి.గ్రా.

ఒక అమ్మాయి వాళ్ళ నాన్న వాటర్ ప్లాంటులో వాడే టీడీఎస్ పెన్ను (నీటిలో కరిగిన పదార్థం మొత్తం ఎంతో పీపీఎంలో చూపించేది) తెచ్చింది. బోరు నీళ్ళు, క్యాన్ నీళ్ళు, బ్యాటరీ వాటర్ అన్నీ ముంచి చూశారు. తర్వాత ఆ అమ్మాయే పంచదార నీళ్ళలో ముంచింది. నిండా పంచదార, పెన్ను మాత్రం బ్యాటరీ వాటర్‌కు చూపినంతే చూపింది. "సార్, పెన్ను పాడైందా?" అని అడిగింది. పాడవలేదు. ఆ పెన్ను కరిగిన పదార్థాన్ని తూచదు. నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, దాన్ని పీపీఎంగా మార్చి చూపిస్తుంది. ఉప్పు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి కరెంటు పారుతుంది. పంచదార అణువులుగానే ఉండిపోతుంది. ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే.

సముద్రపు నీళ్ళు పెన్ను హద్దు దాటిపోయాయి. పదో వంతుకు పలచన చేసి ముంచితే 3000కు కాస్త అటూఇటూ చూపింది. పదితో గుణించుకున్నారు. పలచన సూత్రం పరీక్షలో లెక్క కోసమే కాదని, హద్దు చాలని పరికరంతో పని చేయించుకునే దారి కూడా అని అలా తెలిసింది.

ఓఆర్‌ఎస్, మోలు

మోల్ భావనను, అంటే తూచే బదులు కణాలను లెక్కపెట్టే కొలతను, కావాలనే ఇంతవరకు ఆపాను. బరువుల నిష్పత్తి చేతికి అలవాటు కాకముందే మోలారిటీ చెబితే అది ఇంకో సూత్రంగా మిగిలిపోతుంది.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెనక రాసి ఉన్నది బోర్డు మీద రాయించాను. లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. చూడగానే గ్లూకోజ్ ఉప్పుకు ఐదు రెట్లు అనిపిస్తుంది. మోళ్ళలో చూడమన్నాను. గ్లూకోజ్ మోల్ 180 గ్రాములు, కాబట్టి 75 మిల్లీమోళ్ళు. ఉప్పు మోల్ 58.5 గ్రాములు, అంటే 44 పైచిలుకు. అది సోడియంగా, క్లోరైడుగా విడిపోతుంది కనుక కణాలు 89. తక్కువ బరువున్న ఉప్పే ఎక్కువ కణాలిచ్చింది. కిలో ఆవాలు, కిలో శనగలు తూకంలో ఒకటే, గింజలు లెక్కపెడితే ఒకటి కాదు. సిట్రేట్‌లోని సోడియం కూడా కలిపితే సోడియం 75, గ్లూకోజ్ 75. ఒకటికి ఒకటి. పేగు గోడ సోడియాన్ని, గ్లూకోజ్‌ను కలిపి లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్ళు వెళ్తాయి. అందుకే ఆ అంకెలు అలా కుదిర్చారు.

అన్ని కణాలూ కలిపితే లీటరుకు 245 మిల్లీమోళ్ళు. రక్తంలో ఇది 290కి దగ్గరగా ఉంటుంది. ద్రావణం రక్తం కంటే పలచన కాబట్టి నీరు పేగు నుంచి ఒంట్లోకి వెళ్తుంది. ఇప్పుడు అదే ప్యాకెట్ మొత్తం 200 మి.లీ. గ్లాసులో కలిపితే? లవం మారలేదు, హారం ఐదో వంతయింది. 245 కాస్తా 1225 అవుతుంది. నీరు ఎదురు తిరిగి ఒంట్లోంచి పేగులోకి వస్తుంది, విరేచనాలు పెరుగుతాయి. మా ఇళ్ళల్లో "పొడి ఎక్కువైతే బలం ఎక్కువ" అనుకుని గ్లాసులో కలిపేవాళ్ళు ఉన్నారు. పిల్లలు ఈ లెక్కను ఇంట్లో అందరికీ చెప్పాలని గట్టిగా అడిగాను. లీటరు బాటిల్ లేకపోతే ముందు లీటరు నీళ్ళు కొలిచి, ఆ తర్వాతే ప్యాకెట్ కత్తిరించాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థి శిబిరంలో, బెంగాల్‌లోని బన్‌గావ్‌లో, కలరా రోగులకు ఎక్కించే సెలైన్ అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి ప్రాణాలు నిలిపారు. ఆయన 2022లో చనిపోయారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. తూకం వేసి కలపడం ఎంత పెద్ద పనో చెప్పడానికి ఇంతకంటే గొప్ప పాఠం నాకు తెలియదు.

మార్చి, నౌపడ

ఎండలు ముదరకముందే పొద్దున్నే వెళ్ళాం. సముద్రపు పాయ నీరు మొదటి చెరువుల్లోకి వస్తుంది, అక్కడినుంచి మడి తర్వాత మడి మారుతూ చిక్కబడుతుంది, చివరి చిన్న మడుల్లో ఉప్పు దిగుతుంది. పిల్లలు ప్రతి చోటా బకెట్‌తో నీళ్ళు తీసి ముంచారు. పాయ నీరు మూడు శాతం పైన, మధ్య మడుల్లో పది, పదిహేను. పదిహేనుకు అటూఇటూ ఉన్న మడి అడుగున సన్నని గరుకు పొర చేతికి తగిలింది. అది ఉప్పు కాదు, జిప్సం. ఉప్పు కంటే తక్కువ కరుగుతుంది కాబట్టి ముందే దిగిపోతుంది. సముద్రపు నీరు పదో వంతుకు తగ్గేదాకా ఉప్పు దిగడం మొదలుకాదు.

అసలు సంగతి చివరి మడిలో జరిగింది. మా హైడ్రోమీటర్ ఆఖరి గీత సంతృప్త ఉప్పు ద్రావణానిది, 26 శాతం. ఉప్పు దిగుతున్న మడి కాబట్టి సరిగ్గా ఆ గీత దగ్గర ఆగుతుందని అందరూ అనుకున్నారు. కాడ ఆ గీతను దాటి ఇంకా పైకి లేచింది. గీతలు అయిపోయాయి. సంతృప్తాన్ని మించి ఉప్పు ఎలా కరుగుతుంది?

అక్కడ పని చేస్తున్న పెద్దాయన చెప్పారు: "ఉప్పు దిగిపోతాది మేస్టారూ, చేదు దిగదు. ముప్పై డిగ్రీలకొస్తే ఆ నీళ్ళు వదిలేస్తాం. ఉంచితే ఉప్పు చేదెక్కుతాది, మూటలో నీరుకారిపోతాది." ఆయనన్న డిగ్రీలు బోమేవి. ఆ చేదు మెగ్నీషియం లవణాలది. సోడియం క్లోరైడ్ స్ఫటికాలుగా వెళ్ళిపోతుంటే అవి నీటిలోనే పోగుపడి బరువు పెంచుతాయి. మా కాడ కొలిచేది సాంద్రతను. ఉప్పు ఒక్కటే ఉన్న ద్రావణంలో గీసిన స్కేలు ఇక్కడ శాతం చెప్పలేదు. పంచదార నీళ్ళలో టీడీఎస్ పెన్ను ముంచిన అమ్మాయి వెంటనే అంది: "ఇది కూడా ఆ పెన్నులాంటిదే సార్. కొలిచేది ఒకటి, చూపించేది ఒకటి."

బడికి వచ్చాక 100 మి.లీ. సముద్రపు నీటిని ఆవిరి చేసి చూశాం. మూడున్నర గ్రాములకు దగ్గరగా మిగిలింది. మర్నాటికి అదే పళ్ళెం బరువు పెరిగి, ఉప్పు చెమ్మగిల్లి ఉంది. పెద్దాయన చెప్పిన చేదులోని మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమను లాగుతోంది.

పేర్లు లేని సీసాలు

ముగింపు పరీక్ష రాతలో పెట్టలేదు. అ, ఆ, ఇ, ఈ, ఉ అని రాసిన ఐదు సీసాలు ఇచ్చాను. రుచి చూడకూడదు. హైడ్రోమీటర్లు, తూనిక, టీడీఎస్ పెన్ను ఏదైనా వాడొచ్చు. ఏ సీసాలో ఏముందో, ఎంతలో ఎంత ఉందో హారంతో సహా రాయాలి.

నాలుగింట్లో ఉప్పు, వేర్వేరు గాఢతల్లో. అందరూ బాగానే కొలిచారు. "ఈ" సీసాలో పది శాతం పంచదార ఉంది. దాని సాంద్రత 1.038, కాబట్టి హైడ్రోమీటర్ దాన్ని ఐదున్నర శాతం ఉప్పునీరుగా చూపిస్తుంది. రెండు జట్లు అదే రాశాయి. మూడో జట్టు అన్నిటిలో టీడీఎస్ పెన్ను కూడా ముంచింది. మిగతా సీసాల్లో పెన్ను హద్దు దాటిపోతుంటే దీనిలో పదుల్లో ఆగింది. వాళ్ళు వెంటనే జవాబు రాయలేదు. పంచదార అడిగి తీసుకుని 5, 10, 15 శాతాల ద్రావణాలు చేసి, పెన్ను గొట్టానికి రెండో వైపు పంచదార స్కేలు గీశారు. గంట కొట్టాక కూడా కూర్చుని రాసిన జవాబు ఇది: "కరెంటు పారలేదు, ఉప్పు కాదు. పంచదార అయితే 100 గ్రా. ద్రావణంలో 10 గ్రా."

"అయితే" అని రాసినందుకు ఆ జట్టుకు ఎక్కువ మార్కులు వేశాను.

మిగిలిన పని వేడిమి. నౌపడలో నీళ్ళు మా ల్యాబు నీళ్ళ కంటే వెచ్చగా ఉన్నాయి, వేడెక్కితే సాంద్రత తగ్గుతుంది. జూన్‌లో బడి తెరిచాక 20 నుంచి 40 డిగ్రీల దాకా ఒకే ద్రావణాన్ని కొలిచి సవరణ పట్టిక తయారు చెయ్యాలి. థర్మామీటర్లు రెండే ఉన్నాయి, ఇంకో నాలుగు కావాలని ప్రధానోపాధ్యాయులను అడిగాను.